ఊపిరాడడం లేదంటే నమ్మేదెవరు?

మాది పుత్తూరు. ఊరి పేరు చెప్పగానే చాలామంది "కట్టు కట్టే ఊరు కదా" అంటారు. పక్కనే ఉన్న రాచపాళెంలో విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా జనం వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. చిన్నప్పుడు బస్టాండులో దిగే వాళ్లని చూసేదాన్ని. విరిగిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని ఉండేవాళ్లు. వాళ్లకి దారి చెప్పేవాళ్లూ, ఆటోలో చోటిచ్చేవాళ్లూ ఉండేవాళ్లు. "నిజంగానే విరిగిందా?" అని ఎవరూ అడగగా నేను వినలేదు. ఎముక విరిగితే కంటికి కనబడుతుంది. చూసినవాళ్లు నమ్ముతారు.

కనబడని దాని సంగతేమిటి? ఒక మనిషి "నాకు ఊపిరాడడం లేదు" అంటే, ఆ మాట తప్ప ఇంకో సాక్ష్యం లేనప్పుడు, మనం దాన్ని ఏం చేస్తాం? ఈ ప్రశ్న నాకు రెండుసార్లు ఎదురైంది. మొదటిసారి వినాల్సినదాన్ని నేనే. రెండోసారి చెప్పాల్సినదాన్ని నేను.

2014లో మా పిన్నమ్మ రైల్వే కోడూరు దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చింది. మోకాలి కింద ఎముక విరిగి కట్టు కోసం వచ్చింది. ఎముక చక్కగా అతుక్కుంది, అందులో ఏ లోపమూ లేదు. అయితే కాలు విరిగినవాళ్లెవరికైనా, కట్టయినా పిండికట్టయినా, కొన్ని వారాలు మంచం తప్పదు. అయిదో వారంలో ఆమె కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాతో అంది: "ఊపిరి చాలడం లేదు పాపా. రెండు మెట్లెక్కితే ఎవరో ఎద మింద కూచున్నట్టుంటాది."

నేనప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ నెల ఫ్రాయిడ్ రాసిన డోరా కేసు చదువుతున్నాను. 1905లో అచ్చయిన ఆ కేసులో డోరా అనే అమ్మాయికి ఎనిమిదో ఏటి నుంచీ ఆయాసం. ఫ్రాయిడ్ ఆ ఆయాసానికి అర్థం చెప్పాడు. అది ఆ పిల్ల తల్లిదండ్రుల పడకగది దాకా వెళ్లింది. ఆ అమ్మాయి పదకొండు వారాలకే వైద్యం మానేసి వెళ్లిపోయింది. ఫ్రాయిడ్‌ని తప్పుపడుతూ స్త్రీవాదులు రాసినవన్నీ నా దగ్గర ఉన్నాయి. అవన్నీ చదివిన నేను, మా పిన్నమ్మ మాట విని ఏం చేశాను? ఆమె కాపురం గురించి ఆలోచించాను. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆమె నోరెత్తింది లేదు. భర్త మాట, అత్త మాట. 'ఊపిరాడని ఇల్లు' అని నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. "కొన్నాళ్లు ఇక్కడే ఉండు పిన్నమ్మా, ఆ ఇంటికి పోవద్దు" అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి "సరేలే" అంది.

పదిరోజుల తర్వాత తెల్లవారుజామున బాత్రూముకని లేచి గుమ్మం దగ్గర కూలబడిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే పోయింది. గుండెపోటు అన్నారు. నలభై ఆరేళ్లు. ఆమెకు జరిగింది ఏమిటో నాకు ఎప్పటికీ తెలియదు. అది గుండెపోటే కావచ్చు. కానీ కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి గుండె మీదుగా ఊపిరితిత్తుల నాళాల్లోకి వెళ్లి అడ్డం పడే జబ్బు ఒకటుందని, కాలు విరిగి మంచంలో ఉన్నవాళ్లకి దాని ప్రమాదం ఎక్కువని, దాన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారని నేను ఎనిమిదేళ్ల తర్వాత తెలుసుకున్నాను. నా ఒంటితో తెలుసుకున్నాను.

2022లో మొదటి కానుపుకి పుట్టింటికి వచ్చాను. సిజేరియన్ అయింది. మా అవ్వ, అమ్మ కలిసి పథ్యం మొదలుపెట్టారు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం దిగొద్దు, నీళ్లు లెక్కపెట్టి గ్లాసు సగం. "బాలింతరాలికి నీళ్లెక్కువిస్తే వాతం జేస్తాది మే" అని అవ్వ. వాళ్ల ప్రేమని నేను ఎగతాళి చెయ్యను. ఆ నలభై రోజులే ఒక ఆడమనిషిని పనిలోకి రమ్మనకుండా కాపాడిన రోజులు మన ఇళ్లలో. కానీ ప్రసవం తర్వాతి ఆరు వారాలూ రక్తం మామూలుకన్నా తేలిగ్గా గడ్డకట్టే కాలం. ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ. కదలకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం ఆ గడ్డలకు తోడ్పడతాయి. విశ్రాంతి ఇవ్వాలన్న మంచి బుద్ధి, మంచం దిగొద్దన్న ఆంక్ష ఒకటి కాదు. ఆ తేడా మాలో ఎవరికీ తెలియదు.

తొమ్మిదో రోజున ఎడమ పిక్క పట్టేసినట్టుంది. పన్నెండో రోజున పిల్లకి పాలిస్తూ ఉండగా ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. కూర్చునే ఉన్నాను, పరిగెత్తినట్టు రొప్పు. దగ్గరలోని ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె స్టెతస్కోపు పెట్టి విని, ఎక్స్‌రే చూసి "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా. మొదటి కానుపు కదా, భయం. చదువుకున్నోళ్లకి ఇంకా ఎక్కువ" అంది. నిద్రమాత్ర రాసింది. ఆమె కూడా ఇద్దరు పిల్లల తల్లి. కాబట్టి మగ వైద్యులు ఆడవాళ్లని నమ్మరు అని ఒక్క మాటలో తేల్చేస్తే కుదరదు.

ఆమె విన్నదీ, చూసిందీ అబద్ధం కాదు. ఇక్కడే ఈ జబ్బు స్వభావం తెలుసుకోవాలి. ఊపిరితిత్తిలో ప్రతి చోటికీ రెండు రావాలి: గాలి, రక్తం. రెండూ ఒకచోట కలిస్తేనే ప్రాణవాయువు ఒంట్లోకి వెళుతుంది. గడ్డ రక్తనాళానికి అడ్డం పడితే గాలి వస్తూనే ఉంటుంది, రక్తం మాత్రం రాదు. గాలి వస్తోంది కాబట్టి స్టెతస్కోపుకి శబ్దం మామూలుగానే వినబడుతుంది. ఎక్స్‌రే కూడా చాలాసార్లు తేడా చూపించదు. బయటి నుంచి చూసేవాళ్లకి అంతా సవ్యంగానే ఉంటుంది, లోపలున్న మనిషికి మాత్రం ఊపిరి చాలదు. ఇది చదువుతున్న మీలో చాలామందికి ఇలాంటి ఇల్లొకటి గుర్తుకొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. కానీ అలా గుర్తుకు తెచ్చుకునే అలవాటు గురించే తర్వాత మాట్లాడాలి.

ఆ రాత్రి మా ఆయన కారు మాట్లాడి పెద్ద ఊళ్లో ఉన్న ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు తమిళుడు. తెలుగు అంతంతమాత్రం. భాష రాకపోవడం వల్ల అతను ప్రతి మాటా రెండుసార్లు అడిగాడు. ఎప్పుడు మొదలైంది? కూర్చున్నప్పుడా, నడిచినప్పుడా? ఒక్కసారిగానా, మెల్లగానా? కాలు నొప్పి ఉందా? ఏ కాలు? ఎన్ని రోజులు? పిక్క నొప్పి సంగతి అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. గర్భిణులకీ బాలింతలకీ ఈ గడ్డలు ఎడమకాల్లోనే ఎక్కువగా వస్తాయట. పొత్తికడుపులో ఎడమ సిర మీదుగా కుడి ధమని దాటుతూ దాన్ని నొక్కుతుంది. అతను ఫారం మీద నాలుగు వరుసలు రాశాడు. ఆ నాలుగు వరుసల విలువ నాకు తర్వాత తెలిసింది.

నాకు చేసిన పరీక్ష పేరు వెంటిలేషన్-పెర్ఫ్యూజన్ స్కాన్. సీటీ స్కాన్ వచ్చాక దీని వాడకం తగ్గింది కానీ, పాలిచ్చే రొమ్ముకి రేడియేషన్ తక్కువ తగులుతుందని, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది కాబట్టి ఇది సరిపోతుందని దీన్నే ఎంచుకున్నారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం పెట్టి, రేడియోధార్మిక పదార్థం కలిసిన సన్నటి తుంపరని పీల్చమన్నారు. గామా కెమెరా ముందు పడుకుంటే గాలి ఎక్కడెక్కడికి చేరిందో ఒక బొమ్మ వస్తుంది. తర్వాత చేతి సిరలోకి టెక్నీషియం తగిలించిన అల్బుమిన్ రేణువులు ఎక్కిస్తారు. అల్బుమిన్ మనిషి రక్తంలో ఉండే ప్రొటీనే. లక్షల రేణువులు ఊపిరితిత్తుల్లోని అతి సన్నటి నాళాల్లో కాసేపు చిక్కుకుంటాయి. వెయ్యింటిలో ఒక నాళం కూడా మూసుకోదు కాబట్టి ప్రమాదం లేదు. గడ్డల్ని వెతకడానికి కనబడనంత చిన్న గడ్డల్నే పంపుతారన్నమాట. రక్తం వెళ్లిన చోటల్లా బొమ్మలో వెలుగుతుంది. ఆ తర్వాత రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. గాలి ఉండి రక్తం లేని చోటు ఎక్కడుందో వెతుకుతారు. దాన్ని 'మిస్‌మ్యాచ్' అంటారు. రక్తం పారే తీరుని ఇలా బొమ్మ తీసి ఈ జబ్బుని పట్టడం 1964లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హెన్రీ వాగ్నర్ బృందం ప్రకటించిన పద్ధతి.

నా రిపోర్టులో 'తక్కువ సంభావ్యత' అని వచ్చింది. అంటే గడ్డ ఉండే అవకాశం తక్కువ అని. మా అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నాకు మాత్రం సిగ్గేసింది. అందరినీ కంగారు పెట్టాను, డాక్టరమ్మ చెప్పిందే నిజం, ఇది నా భయమే అనుకున్నాను. చూడండి, నా ఊపిరి ఇంకా నాకు అందడం లేదు. అయినా కాగితాన్ని నమ్మి నన్ను నేను నమ్మడం మానేశాను.

ఆ కుర్రాడు నమ్మడం మానలేదు. "ఈ రిపోర్టు ఒక్కటే చాలదు. మీ కథ వేరే చెబుతోంది" అన్నాడు. మరునాడు ఉదయం కాలికి డాప్లర్ చేయించాడు. ఎడమ తొడ సిరలో గడ్డ ఉంది. పొట్ట మీద ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

కోలుకున్నాక, అలవాటు కొద్దీ, లైబ్రరీలో కూర్చున్నాను. 1990లో అమెరికా వైద్యపత్రిక జామాలో 'పయోపెడ్' అనే పెద్ద అధ్యయనం వచ్చింది. ఈ స్కాన్‌ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడానికి చేసింది. అందులో స్కాన్ ఫలితం తెలియకముందే డాక్టర్లు రోగి చెప్పింది విని, పరీక్షించి, జబ్బు ఉండే అవకాశం ఎంతో అంచనా కట్టి రాసిపెట్టారు. తర్వాత స్కాన్‌తో, యాంజియోగ్రఫీతో పోల్చి చూశారు. స్కాన్ 'తక్కువ సంభావ్యత' అన్నవాళ్లలో, డాక్టరు కూడా ముందే తక్కువ అనుకున్నవాళ్లని తీసుకుంటే నూటికి 4 మందికే గడ్డ ఉంది. అదే రకం స్కాన్ వచ్చినా డాక్టరు ముందుగా బలంగా అనుమానించిన వాళ్లలో నూటికి 40 మందికి ఉంది. స్కాన్ 'ఎక్కువ సంభావ్యత' అని, డాక్టరు అంచనా కూడా అలాగే ఉన్నప్పుడు 96 మందికి ఉంది.

నాలుగు, నలభై. నేను ఈ రెండు అంకెల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రిపోర్టులో మాట ఒకటే. దాని అర్థాన్ని పదింతలు మార్చింది, బొమ్మ తియ్యకముందు ఒక మనిషి ఇంకో మనిషి మాటని ఎంత విన్నాడన్నది. వినడం మర్యాద అనీ, దయ అనీ, మంచి డాక్టరు లక్షణమనీ మనం అనుకుంటూ వచ్చాం. అసలు నిజం యంత్రం చెబుతుంది, మనిషి మాట దానికి ముందుమాట అనుకుంటాం. కానీ ఇక్కడ ఆ ముందుమాటే లెక్కలో భాగం. నన్ను 'భయస్థురాలు' అని రాసి పంపి ఉంటే, అదే బొమ్మని చూపించి నన్ను ఇంటికి పంపేవాళ్లు. అదంతా శాస్త్రీయంగానే జరిగి ఉండేది.

బ్రిటిష్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' అనే పుస్తకం రాసింది. ఒక మనిషి ఏ గుంపుకి చెందినదో చూసి ఆమె మాటకి విలువ తగ్గించడం ఒక ప్రత్యేకమైన అన్యాయమని, అది ఆమెని తెలిసిన మనిషిగా గుర్తించకపోవడమని ఆమె వాదన. తానే ఊపిరితిత్తుల జబ్బుతో బతుకుతున్న తత్వవేత్త హావీ కారెల్, ఇయన్ కిడ్‌తో కలిసి ఈ ఆలోచనని వైద్యంలోకి తెచ్చింది. 2017 సెప్టెంబరులో సిజేరియన్ అయిన మర్నాడు టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్ తనకి ఊపిరాడడం లేదని, సీటీ స్కాన్ కావాలని అడిగితే, మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందనుకున్నారట. ఆమెకి అంతకుముందే 2011లో ఈ జబ్బు వచ్చి ఉంది. ప్రపంచమంతా ఎరిగిన మనిషికే అలా జరిగింది.

కానీ ఒక ప్రశ్న నన్ను వదలలేదు. 'ఆడవాళ్లు చెప్పింది నమ్మండి' అంటే సరిపోతుందా? ఆ రాత్రి నేను కుర్ర డాక్టరుతో "నాకు గుండెజబ్బు, మా పిన్నమ్మలాగే" అని ఏడ్చాను. అది తప్పు. అతను దాన్ని నమ్మి గుండెకి మందులిచ్చి ఉంటే నేను బతికేదాన్ని కాదేమో. అలాగని లేని గడ్డకి మందివ్వడమూ చిన్న విషయం కాదు. పచ్చి కుట్లున్న బాలింతకి రక్తం పలచబడే మందిస్తే రక్తస్రావం ప్రమాదం ఉంది. కాబట్టి నమ్మడం అంటే తలూపడం కాదు. నా అనుభవం మీద అధికారం నాది: ఊపిరి అందడం లేదన్నది నాకు తెలుసు, ఎవరూ కాదనలేరు. దాని కారణం మీద ఆ అధికారం నాకు లేదు. దాన్ని వెతకాలి. డాక్టరమ్మ కారణం తెలియక అనుభవాన్నే కొట్టిపారేసింది. కుర్రాడు అనుభవాన్ని ఉంచుకుని కారణం కోసం వెతికాడు. ఇద్దరికీ తేడా ఇదే.

మరి నేను? పిన్నమ్మ విషయంలో నేను చేసిందేమిటి? నేను ఆమె పక్షాన నిలబడ్డాననుకున్నాను. ఆమె బాధకి పితృస్వామ్యం అనే కారణం ఇచ్చాను. కారణం ఇచ్చే తొందరలో ఆమె చెప్పిన అనుభవాన్ని తీసి పక్కన పెట్టాను. రెండు మెట్లెక్కితే ఊపిరి చాలడం లేదని ఆమె అంటే నాకు మెట్లు వినబడలేదు, ఇల్లు వినబడింది. ఫ్రాయిడ్ డోరాకి చేసిందీ ఇదే కదా! అతన్ని తిట్టడం నేర్చుకున్నాను గానీ అతని అలవాటు నాలోనూ ఉందని చూసుకోలేదు. ఊపిరాడకపోవడం మన కథల్లో, మన విమర్శలో ఎంతకాలంగానో ఒక ఉపమానం. ఆ ఉపమానం మనకి చాలా ఇచ్చింది. కానీ ఎదురుగా కూర్చున్న మనిషికి రెండు ఊపిరితిత్తులు కూడా ఉంటాయి. తొంభైల మొదట్లో హైదరాబాదు నుంచి వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తయారుచేసిన స్త్రీలు ఈ మాట మనకన్నా ముందే గ్రహించారు. శరీరం గురించి శరీరంగానే మాట్లాడటానికి కూర్చున్నారు.

ఇంకో విషయం చెప్పాలి. రేణువుల్లోని టెక్నీషియం కొద్దిగా పాలల్లోకి వస్తుంది కాబట్టి పన్నెండు గంటలు పిల్లకి పాలివ్వకుండా పిండి పారబొయ్యమన్నారు. ఆ సంగతి తెలియగానే ఫోన్లో బంధువులు అడిగిన మొదటి ప్రశ్న "మరి బిడ్డకు పాలెట్లా?" అని. నేను బతుకుతానా అన్నది రెండో ప్రశ్న. నెల ముందు, గర్భంతో ఉండగా ఇది జరిగి ఉంటే ప్రశ్న ఇంకా పదునుగా ఉండేది. ఈ స్కాన్ చేస్తే తల్లి రొమ్ముకి రేడియేషన్ తక్కువ, కడుపులోని బిడ్డకి బాల్యంలో క్యాన్సర్ వచ్చే ప్రమాదం సీటీతో పోలిస్తే కాస్త ఎక్కువ కావచ్చు. సీటీ చేస్తే అటుది ఇటు. రెండు ప్రమాదాలూ చాలా స్వల్పమని, రెండూ ఆ స్త్రీకి చెప్పి ఆమెతో కలిసి నిర్ణయించాలని బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం 2015లో రాసింది. మన దగ్గర ఆ సంభాషణ ఎవరితో జరుగుతుంది? భర్తతో, అత్తగారితో. తల్లి రొమ్ముని ఒక పళ్లెంలో, బిడ్డని ఇంకో పళ్లెంలో పెట్టి తూచేటప్పుడు తల్లి ఆ గదిలో ఉండాలి కదా.

అసలు ఆ గది దాకా చేరేవాళ్లెందరు? ఈ పరీక్షకి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉండాలి. మా ప్రాంతానికి అది తిరుపతి స్విమ్స్‌లో, వెల్లూరు సీఎంసీలో ఉంది. పుత్తూరు నుంచి తిరుపతి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. టెక్నీషియం ఆరు గంటల్లో సగమైపోతుంది. దాన్ని ఇచ్చే మాలిబ్డినం అరవై ఆరు గంటల్లో సగమైపోతుంది. నిలవ చేసుకునే సరుకు కాదది. ఇంకా ముందు, ఒక మాటని ఫారం మీద నాలుగు వరుసలుగా రాసే మనిషి దొరకాలి. నాకు చదువుంది, రాత్రిపూట కారుకి డబ్బులున్నాయి, నా మాట మీద నమ్మకం లేకపోయినా నా ముఖం చూసి భయపడ్డ భర్త ఉన్నాడు. పిన్నమ్మకి ఏ ఫారమూ లేదు. ఆమె చెప్పింది నాకు ఒక్కదానికే. అప్పుడు ఆమెకున్న డాక్టరు, కెమెరా అన్నీ నేనే.

ఇంటికి వచ్చాక అవ్వ నా పక్కన కూర్చుని, నీళ్ల గ్లాసు నిండా పోసి ఇచ్చి, అంది: "నాకూ మూడో కానుపులో ఇట్లనే అయ్యింది మే. గస. రాత్రంతా గోడకానుకోని కూచుండే దాన్ని." నేను నోట్‌బుక్కు తియ్యలేదు. ఎన్నో రోజున అని అడిగాను. ఒక్కసారిగా వచ్చిందా అన్నాను. కాలు నొప్పి ఉండిందా, ఏ కాలు అని అడిగాను. అవ్వ చాలాసేపు ఆలోచించింది.

"గుర్తులేదు మే. అప్పుడెవురైనా అడిగింటే చెప్పిందును."